నర్ది వేలిముద్ర

రేషను షాపు కాడ మిషను మళ్ళీ కాదంది.
మాలకొండయ్య మా జేజి బొటనవేలిని
తన చొక్కా కొసతోనే తుడిచి
"కాస్త గట్టిగా పెట్టు పెద్దమ్మా" అంటాడు.
గట్టిగానే పెట్టింది.
అరవై యేళ్ళు గట్టిగా పెట్టబట్టే గదా
అక్కడ గీతలు లేకుండా పోయాయి.

ఉదయగిరిలో చెక్క గరిటెలంటే
మా తాత పేరు చెబుతారు, కాశింపీరా అని.
దుర్గం కొండ దిగొచ్చిన నర్ది మొద్దును
రెండుసార్లు చేతిలో తిప్పి
"ఇందులో నాలుగు గరిటెలూ ఒక ఫోర్కూ ఉండాయి" అనేవాడు,
కడుపు తడిమి చెప్పే మంత్రసానిలా.
పిడి చివర చేపను చెక్కి
దాని కంటికి మాత్రం మంచిరోజు చూసుకునేవాడు.
కలెక్టరాఫీసులో ఆయనకు కప్పిన శాలువా
ఇప్పటికీ పెట్టెలో కలరా ఉండల వాసనేస్తుంది.

హుసేనమ్మకు ఎవరూ శాలువా కప్పలేదు.
ఆమెది ఆకు పని.
ఎండబెట్టిన బర్రెంకాకు మీద నీళ్ళు చిలకరించి
గరిటె గుంటలో బొటనవేలితో తిప్పడం, తిప్పడం,
తాగేవాడి పెదవికి చెక్కని తెలీనంత వరకూ.
ఎంతవరకు జేజీ అని అడిగితే
"బుగ్గకు రుద్దుకో, నీకే తెలస్తాది" అనేది.
నా బుగ్గ ఆ ఇంట్లో చాలా గరిటెల్ని పాస్ చేసింది.
తాత పిడి వెనకాల కాల్చిన చువ్వతో
చిన్న 'కా' పెట్టేవాడు.
నునుపుకి సంతకం ఎక్కడ పెడతారు?

నాకు ఉలి రాలేదు.
పదేళ్ళప్పుడు పట్టుకుంటే అరచేతిలో దిగింది.
నాయిన దాన్ని అటక మీదికి ఎక్కించేశాడు,
ఆయన అప్పటికే ఆటో కొనుక్కున్నాడు.
నేను ఆత్మకూరు బళ్ళో డ్రాయింగు టీచర్నయ్యాను.
కుండలూ మామిడికాయలూ జెండాలూ
పన్నెండేళ్ళుగా గీయిస్తున్నాను.
"మీది కళాకారుల కుటుంబమంట గదా" అని ఎవరైనా అంటే
తలూపి, మాట మార్చేదాన్ని.

ఆ రోజు ఖాళీ సంచితో తిరిగొచ్చాక
అటకెక్కాను. ఎందుకో నాకూ తెలీదు.
మూలన ఒక మొద్దు ముక్క, అడ్డకోత.
పగులిచ్చిందని తాత పక్కన పారేసింది.
దుమ్ము తుడిస్తే
గీత చుట్టూ గీత, దాని చుట్టూ ఇంకోటి,
ఒకచోట చిన్న సుడి.

బడి నుంచి రోలరు తెచ్చి నల్లరంగు పూశాను.
నెల్లూరులో కొన్న కాగితం పైన పరిచి
గరిటె వీపుతో రుద్దాను.
తాత చెక్కిందే, జేజి నున్నగా చేసిందే.
మొదటిది అలుక్కుపోయింది. రెండోది పాలిపోయింది.
ఏడోదో ఎనిమిదోదో,
ఎత్తి చూద్దును గదా
పళ్ళెమంత బొటనవేలు.

ఇది నీ వేలే జేజీ,
మిషనుకి దొరక్కుండా చెట్టు దాచిపెట్టింది అన్నాను.
ఆ మాటకి గొంతు పూడుకుపోయింది, నాకే.
ఆమె కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.
"ఇది పెడితే మాలకొండయ్య బియ్యమిస్తాడా?"

ఇయ్యడు.

మర్నెల బియ్యం నాయిన వేలు మీద వచ్చాయి.
నేను బొమ్మకు చట్రం కట్టాను,
అటక మీది రంపంతో, నేనే కోసుకుని.
మూలలు సరిగ్గా కూర్చోలేదు.
జేజి దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.
బొమ్మ వైపు చూడలేదు.
గీతల్లేని వేలు అంచు వెంబడి పోతా పోతా
ఎడంపక్క మూల కాడ ఆగింది.
వెనక్కొచ్చింది. మళ్ళీ అక్కడే ఆగింది.
"ఈడింకా పీచుండాదే" అంది.
"పెరట్లో నాలుగు బర్రెంకాకులు కోసకరా పో.
ముదురువి."