టక్కు

ఇరవై ఎనిమిది వేలకి కొన్న వేను
నాలుగోనాడే మొండికేసింది.
తాళం తిప్పితే ఒక్కటే టక్కు,
ఆపైన పంటకాలవ చప్పుడు.

వెనకాల ఐసు కరిగి
ముమ్మిడివరం రోడ్డు మీద చారలు కడుతోంది.
అబ్బులు బీడీ ఆర్పి, మిగతా ముక్క చెవి వెనక దోపుకుని
"హారను కొట్టండి" అన్నాడు.
కొట్టాను. ఊరంతటికీ వినపడింది.
"బేటరీకి ప్రాణం ఉందండి.
లైటు వేసి తిప్పండి."
వెలుగు రవ్వంత కూడా తగ్గలేదు.
లోపల అదే టక్కు.

వాచీలు బాగుచేసేవాడిలా చెవి వంచి విన్నాడు.
"కరెంటు ఇంజను దాకా ఎల్తందండి.
తిరిగొచ్చే దారే లేదు."

కిందకి దూరి
పచ్చగా చిలుమెక్కిన ఎర్తు పట్టీ చూపించాడు.
వేలితో అంటితే పిండి రాలింది.
కాళ్ళకింద మేటు ఎత్తితే
వేలెడు మందం ఒండ్రు, ఎండి బీటలు తీసి,
అందులో ఒక బుల్లి నత్తగుల్ల.

డాక్టరుగారి బండి, ఎండ కన్నెరగదు,
అన్నాడు రావులపాలెంలో అమ్మినాయన.
నిజమే.
నీళ్ళ సంగతి నేనడగలేదు.
ఏ లంకలో ఎన్నాళ్ళు మునిగి నిలబడిందో,
సీట్ల దాకానో, స్టీరింగు దాకానో.

బేటరీ నుంచి ఇంజనుకి ఓ తీగ కలిపాడు అబ్బులు.
దగ్గి, ఉమ్మి, ఒళ్ళంతా ఊపి లేచింది బండి.
"వందియ్యండి. పట్టీ రేపు మారుద్దాం.
ఇయ్యాల మాత్రం ఎక్కడా ఆపకండే!"

ఐసు సగమే మిగిలింది.
గుల్లని డేష్‌బోర్డు మీద పెట్టాను.
ఎదుర్లంక వంతెన ఎక్కగానే దొర్లి
ఏటివైపు అద్దానికి ఆనుకుంది.