నీళ్లు తోడుకునే దాకా

మిట్టూరులో మా అద్దె పోర్షన్‌కి
కొళాయి ఉంది, నీళ్లు రావు.
నాలుగు రోజులకోసారి ట్యాంకరు హారన్ కొడితే
వీధి వీధంతా నీలం డ్రమ్ములై నిలబడుతుంది.
అలాంటి వీధిలో
నలభై లీటర్ల గాజుతొట్టి కొన్నాను,
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ సీజను బోనసుతో.

లిఖిత ముక్కు గాజుకి ఆనించి
"చేపలేవి నాన్నా?"
ఇంకా లేవమ్మా. ముందు నీళ్లు కావాలి.
"ఉండాయి కదా!"
ఉన్నాయి. ఇంకా నీళ్లు కాలేదు.

బజారువీధి జిలానీ తన పాత తొట్టిలోంచి
మురికి స్పాంజి ముక్క కత్తిరించి
"ఇది తోడు సార్" అన్నాడు,
పాలగిన్నెలోకి పెరుగుచుక్క ఇస్తున్నట్టు.
"తొందరపడొద్దు. రోజూ చిటికెడు మేత వెయ్యండి.
ఎవరికి అని అడగొద్దు."

లేని చేపలకి మేత వేస్తాను.
అది మెత్తబడి, బూజు కట్టి, కరిగిపోతుంది.
తొమ్మిదో రోజు పరీక్షగొట్టంలో
లేత చింతాకు రంగు. అమ్మోనియా.
చూడబోతే నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే
వాటిలోంచి వెనక గోడ క్యాలెండరు మీద
గ్యాసు బండ వచ్చిన తేదీ చదవచ్చు.

సగం తీసెయ్యాలి.
పైపు నోట పెట్టి పీల్చి, బకెట్లోకి దించాను.
కొత్త నీళ్లు రాత్రే మూత తీసి పెట్టినవి,
బ్లీచింగు వాసన ఎగిరిపోయేదాకా.
చెంబుతో, గాజు అంచు వెంట,
నిద్రపోయే బిడ్డకి తల తుడిచినట్టు పోశాను.

గోడ అవతల మునిలక్ష్మమ్మ:
"ఏంది సామీ, చేప ల్యాకుండానే
నీళ్లకి నీళ్లు మారస్తా వుండావు?
ఈడ బిందెలెత్తుకోని సస్తా వుంటే!"
ఏం చెప్పను?
బాగున్నట్టు కనపడే నీళ్లలో ఏముందో
రంగు వేసి చూస్తేగానీ తెలియదని
ఆమెకా చెప్పేది?
చిన్ననాటి బోరు నీళ్లకి
పళ్లన్నీ గారపట్టిన మనిషికి?
బకెట్టు గోడ మీంచి అందించాను.
ఆమె కనకాంబరాలు ఏమీ అడగకుండా తాగాయి.

పదిహేడో రోజు
రెండో గొట్టంలో వంగపువ్వు రంగు దిగింది.
ఒక విషం తగ్గి ఇంకో విషం పుట్టడమే
పని జరుగుతోందనేదానికి గుర్తట.
మళ్లీ సగం. మళ్లీ గోడ మీంచి బకెట్టు.

ఇరవయ్యో రోజు నాది రెండో షిఫ్టు.
వచ్చేసరికి హేమ చేతులు తుడుచుకుంటూ
"ఆ ఫిల్టరు ఎంత జిడ్డుగా ఉందో!
సబ్బు పెట్టి పిండేశాను" అంది.
స్పాంజి దండెం మీద క్లిప్పుకి వేలాడుతోంది,
పిల్ల యూనిఫాం సాక్సుల పక్కన,
సాక్సుల కంటే తెల్లగా.
తోడుగిన్నె ఎవరైనా కడిగేస్తారు,
అందులో ఏముందో చెప్పకపోతే.
"బాగా వదిలింది" అన్నాను.
అన్నం తిన్నాక చెప్పాను.

జిలానీ రెండో ముక్కకి డబ్బు తీసుకోలేదు.
"మీ ఇంట్లో కూడానా సార్?" అని నవ్వాడంతే.

మళ్లీ మొదటి రోజు. మళ్లీ చిటికెడు.
ఈసారి గొట్టాన్ని ట్యూబులైటుకెత్తి పట్టేది హేమ.
పొద్దున్నే పెరుగు మూత తీసే గొంతుతోనే
"తోడుకుందా?" అంటుంది.
మునిలక్ష్మమ్మ దినాలు లెక్కపెడుతోంది:
"ఈ పొద్దు తీసే దినం గదా,
చెట్టు ఎదురు సూస్తా వుండాది."

నిన్న రాత్రి
ఒక గొట్టం పసుపు, ఒక గొట్టం ఆకాశం.
రెండూ సున్నా.
నమ్మకం కుదరక ఇంకోసారి చుక్కలు లెక్కపెట్టి వేశాను.
గాజు లోపలివైపు వేలికి తగిలీ తగలని
సన్నటి గోధుమరంగు పొర.
తుడవలేదు.

లిఖిత దుప్పట్లోంచి, సగం నిద్రలో,
"రేపేనా?"

రేపు ట్యాంకరు దినం.
ముందు డ్రమ్ములు నిండనీ.