ఓడిన మూడు వందలు

ఆరో రేసుకి పదకొండు నిమిషాలుందనగా
ఒబిహిరోలో తెరలన్నీ ఒక్కసారే తెల్లబోయాయి.

బయట మైనస్ పద్నాలుగు.
మూడో అంతస్తులో నాకు చెమటలు.
పందెం రేట్ల గడులు ఖాళీ.
ఎక్కడెక్కడి మనుషులో, రైళ్ళలో, వంటిళ్ళలో,
ఫోన్ల మీద గుండ్రంగా తిరిగే చుక్కనే చూస్తున్నారు,
తిరిగేది అదొక్కటే కాబట్టి.
ఆపాను, వెలిగించాను, మళ్ళీ ఆపాను.
గుడ్డి గుర్రానికి పళ్ళు తోమడమంటే ఇదే కాబోలు.

పోయిన నెల ఒక ఉత్తరం వచ్చింది,
తప్పుల్లేని జపనీసులో, మరీ తప్పుల్లేని జపనీసులో.
‘మీ గుర్రాలన్నీ క్షేమమని తలుస్తాము’ అని మొదలై
‘ఆదివారంలోగా ఇంత కట్టండి’ అని ముగిసింది.
మేనేజరు కురమొచి దాన్ని ప్రింటు తీసి
మూలకి పిన్ను కొట్టి ఫైల్లో పెట్టాడు.
మేము కట్టిన కోట అంతే.

ఇవాళ్టిది ఆ రాసినవాడి పనో,
మంచు బరువుకి ఎక్కడో తెగిన తీగ పనో,
నిరుడు ‘తర్వాత చూద్దాం’ అని
నేనే పక్కన పెట్టిన ఆ ఒక్క అప్‌డేట్ పనో.
మూడోది కాకూడదని ఎంత మొక్కుకున్నానో
ఎవరికీ చెప్పలేదు.

మైకులో అన్నారు: పందేలు రద్దు, పరుగు ఉంటుంది.

గుర్రాలకి ఎవరూ ఏమీ చెప్పలేదు.
టన్ను బరువు ఒళ్ళు, వెనక చక్రాల్లేని ఇనప బండి,
మొదటి దిబ్బ ఎక్కి దిగి
రెండో దిబ్బ ముందు ఆగాయి.
ఇక్కడ ఎప్పుడూ ఆగుతాయి.
పరుగుపందెంలో ఆగడమేమిటని పైఊరివాళ్ళు నవ్వుతారు.
ముక్కుల్లోంచి ఆవిరి,
పది అన్నం గిన్నెల మూతలు ఒకేసారి తీసినట్టు.
జాకీలు పగ్గాలు వదులు చేసి
గుర్రం మళ్ళీ గుర్రమయ్యేదాకా నిలబడతారు.
నా యంత్రం కూడా ఊపిరి పీల్చుకుంటోందేమో
అనుకోబోయాను.
కాదు. అది ఆగలేదు, కూలబడింది.

కిందికి దిగాను.
నాలుగో కిటికీ దగ్గర షిజుఎ ఒక కాగితం చూపించింది.
ఉడోన్ కొట్టు రసీదు. వెనక పెన్సిలుతో:
ఐదో నంబరు, మూడు వందలు.
‘తీసుకోమని చెప్పినా వినలేదు, ఇక్కడే పెట్టి పోయాడు.’

ఐదో నంబరు రెండో దిబ్బ మీద మోకాళ్ళ మీద పడింది.
లేచింది. మళ్ళీ పడింది.
అన్నిటికన్నా ఆఖర్న గీత దాటింది,
బండి వెనక అంచు కూడా దాటేదాకా
జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

మినెజాకి వచ్చాడు.
బీటు దుంపల చక్కెర మిల్లులో ముప్పై ఏళ్ళు చేసినవాడు,
చేతికి ఇప్పటికీ ఆ మరక.
మూడు నాణేలు వరసగా పెట్టాడు.
‘ఓడిపోయాను. తీసుకో.’

‘పందెం రద్దయింది తాతా. మీ డబ్బు మీదే.’

‘రద్దయింది మీ పెట్టెకి.
నేను కాశాను, అది పడింది.
దాని మోకాళ్ళకి రద్దు చెప్పారా ఎవరైనా?’

షిజుఎ నా వంక చూసింది.
నేను నాణేల వంక చూశాను.
ఆయన టోపీ సర్దుకుని బస్సుకి పోయాడు.

రాత్రి పదింటికి తెరలు వాటంతటవే వెలిగాయి,
అలిగినవాడు ఏమీ జరగనట్టు అన్నానికొచ్చి కూర్చున్నట్టు.
ఎందుకు పోయాయో, ఎందుకొచ్చాయో!
లెక్కలన్నీ సరిపోయాయి,
ఒక్క మూడు వందల యెన్లు ఎక్కువ.
కురమొచి నాలుగుసార్లు కూడాడు, నాలుగుసార్లూ ఎక్కువే.
ఎక్కువొస్తే ఏ గడిలో రాయాలో
మాన్యువల్లో లేదు.
చివరికి ఒక కవరులో వేసి
ఆ ఉత్తరం ఉన్న ఫైల్లోనే పెట్టాడు.

ఐదో నంబరుకి తోలు గీసుకుపోయింది, అంతేనట.
వచ్చే శనివారం మళ్ళీ పరుగుంది.
మినెజాకి వస్తాడు.
తెరలు వెలుగుతాయో లేదో చెప్పలేను.

ఆ అప్‌డేట్ ఇవాళ పొద్దున్నే పెట్టాను,
ఎవరూ రాకముందే.