వెంట్రుకవాసి

మనీప్లాంటు ఆకు అడుగున
తెల్లటి వెంట్రుకలు మొలిచాయి.
పదకొండు.
ఒక్కోదాని కొసన
ఆవగింజలో సగమైనా లేని చుక్క.
ఫ్యాను తిరిగితే అన్నీ ఒక్కసారే తలూపుతాయి,
ఎవరూ అడగని ప్రశ్నకి ఔనన్నట్టు.

పర్లాకిమిడి బజార్లో నాది గడియారాల కొట్టు.
సెల్లు మార్పించుకునేవాళ్ళే తప్ప
గడియారం బాగుచేయించుకునేవాళ్ళు లేరు కనక
తీరిక ఉంది.
తీరిక ఉన్నచోటికి మనుషులొస్తారు.

కొమ్ముతో కొంగలు చెక్కే బైరాగి మహారణా
"బూజు" అంటూ బొటనవేలితో తుడవబోయాడు.
మణికట్టు పట్టుకుని ఆపాను.
ఎందుకాపానో నాకూ తెలీదు.
మందుల షాపు కుర్రాడు ఫోటో తీసి, పెద్దది చేసి,
"ఫంగస్ అన్నా" అని
పాతిక రూపాయల పొడి అంటగట్టబోయాడు.
పాతపట్నం నుంచి పాలు తెచ్చే ఎర్రమ్మ
కళ్ళు చికిలించి
"పేలగుడ్లురా నాయనా, మొక్కకి తలంటు పొయ్యి" అంది.
పాఢీ మాస్టారి భార్య మాత్రం
"డిమిరి ఫూల!" అని చెంపలేసుకుంది.
మన మేడిపువ్వే.
చూసినవాళ్ళకి ఏమవుతుందో చెప్పకుండానే
రిక్షా ఎక్కేసింది.

షట్టరు సగం దించి
ఎడమకంటికి కటకం బిగించాను.
బాలెన్సు చక్రం మీద చుట్టుకునే తీగని
ముప్పయ్యేళ్ళుగా చూస్తున్న కన్ను ఇది.
ఆ తీగకన్నా సన్నం ఈ కాడ.
దాని మీద కోలగా, పచ్చగా,
బరువు లేనట్టు నిలబడి ఒక గింజ.
మూడోనాటికి బూడిదరంగు.
లోపల ఎవరో మడతపడి పడుకున్న గీతలు.

కాశీనగర్ నుంచి వచ్చింది రీనా శబర,
అలారం మోగడం లేదని.
పత్తిచేలలో పురుగులు లెక్కపెట్టే ఉద్యోగమట.
ఆకు తిప్పి చూసి నవ్వింది.
"అల్లికరెక్కల పురుగు గుడ్లు.
పిండినల్లిని తింటాయి. ఉండనివ్వండి."
"మరి ఈ వెంట్రుకలెందుకమ్మా?"
"పక్కపక్కన పెడితే
ముందు పుట్టింది వెనకదాన్ని తినేస్తుంది కదా సార్.
అందుకని తల్లి..."
అలారం మోగింది.
డబ్బులిచ్చి వెళ్ళిపోయింది.

ఈ కొట్టు ఒకప్పుడు పద్నాలుగు అడుగులు.
ఇప్పుడు నాకు ఏడు. గవరయ్యకి ఏడు.
మధ్యన ప్లైవుడ్డు.
నాన్న పోయిన నెల తిరక్కుండా
అమ్మే వడ్రంగిని పిలిచి, దగ్గర నిలబడి,
మేకు మేకు లెక్కపెట్టి కొట్టించింది.
ఆ రోజు మా ఇద్దరి చేతుల్లో ఏమున్నాయో
ఆవిడ చూసింది.
చిన్నవాడి పక్షమని
పదిహేడేళ్ళు అనుకుంటూనే ఉన్నాను,
ఆవిడ పోయాక కూడా.

పొద్దున్న మొదటిది పొట్టు చీల్చుకుంది.
నలకంత మొసలి.
పక్క కాడల వైపు చూడనైనా చూడకుండా
తన వెంట్రుక పట్టుకుని నెమ్మదిగా దిగి
ఆకు ఈనె దారిన పోయింది.
మిగిలిన పదీ గాలికి ఊగుతున్నాయి.

తీగ ఎప్పుడు పాకిందో,
ప్లైవుడ్డు మీదనుంచి అవతలికి దిగిపోయింది.
అటువైపు ఎన్ని ఆకులున్నాయో
నేనెన్నడూ చూళ్ళేదు.

వేలి కణుపుతో కొట్టాను.
రెండుసార్లు.

సెల్‌ఫోను కవర్ల గలగల ఆగింది.
"ఏటి?"

గొంతు సవరించుకోడానికి కాస్త పట్టింది.
"ఏట్నేదు.
నీ కాడ ఆకులు తుడవకు."