అతుకులు చూసేవాడు

నా పని పైపుల అతుకులు చూడడం.
మిడిల్స్‌బ్రోలో, టీస్ నది ఒడ్డున,
వెల్డింగు చల్లారాక
దాని మీద జెల్ రాసి, చిన్న ప్రోబ్ జరుపుతూ
ఇనుము లోపల పగులేమైనా ఉందేమో వింటాను.
వినడమంటే చూడడమే. ఉంటే తెర మీద ముల్లు లేస్తుంది.
లేవకపోతే "పగులు లేదు" అని రాయం.
"కనబడలేదు" అని రాస్తాం.
ఆ రెండింటి మధ్య తేడాకే నాకు జీతం.

ఫిబ్రవరిలో మొదలైంది.
నొప్పి అనలేను.
ఎడమ పక్క, జేబులో పెన్ను పెట్టుకునే చోట
ఎవరో బొటనవేలితో నొక్కి
ఇంకేదో పని గుర్తొచ్చి వదిలేసినట్టు.
మెట్లెక్కితే రాదు. బస్సు వెనక పరిగెత్తితే రాదు.
సువర్చల నిద్రపోయాక వస్తుంది,
రేడియేటరు టిక్కుటిక్కుమని చల్లారుతున్నప్పుడు.
చెయ్యేసి చూసుకుంటాను. కొట్టుకుంటోంది.
ఆ కొట్టుకోవడమే భయం.
అదొకటుందని తెలియకుండా నలభై నాలుగేళ్ళు బతికాను.

ఒక రాత్రి లేచి బ్యాంకు పాస్‌వర్డులన్నీ
కాగితం మీద రాసి బియ్యం డబ్బా కింద పెట్టాను.
తెల్లారి తీసి చింపేశాను,
రాసిపెడితే నిజమవుతుందేమోనని.

ఫారంలో అడిగారు:
మీ ఇంట్లో ఎవరికైనా? అరవై లోపు?
పెన్ను ఆగలేదు.
తాత, యాభై రెండు, సంతలో చింతపండు బేరమాడుతూ.
పెదనాన్న, నలభై తొమ్మిది, మధ్యాహ్నం కునుకులో.
నాన్న, నలభై ఏడు,
నెల్లిమర్ల జనపనార మిల్లులో హాజరుపట్టీ రాస్తూ
"గ్యాస్‌రా, గోలీసోడా పట్రా" అన్నాడు.
పరిగెత్తాను.
గోలీ లోపలికి దిగిన చప్పుడు
నా వేళ్ళకింకా గుర్తే.
నేను తిరిగొచ్చేసరికి
సోడా పొంగుతూనే ఉంది.

యాభై రెండు, నలభై తొమ్మిది, నలభై ఏడు.
తర్వాతి అంకె చెప్పడానికి
పెద్ద చదువక్కర్లేదు.

"చల్లగా తగులుతుంది బంగారం" అంది మోరీన్.
ఇక్కడ అందరినీ అలాగే పిలుస్తారు.
జెల్ రాసింది. అదే జెల్. అదే చలి.
ఎడమ పక్కకి ఒత్తిగిలి పడుకుని
మొదటిసారి నేను పైపునయ్యాను.
ప్రోబ్ పక్కటెముకల సందుల్లో జరుగుతూ జరుగుతూ
ఒకచోట ఆగింది.
వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అక్కడికే వచ్చింది.
ఏవో రెండు మీటలు నొక్కింది, ఏమీ అనలేదు.
ఆ మౌనం నాకు తెలుసు.
అలాంటి చోట నేనూ అలాగే ఊరుకుంటాను.
పైపుకి ఎవరు చెప్తారు?

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది.
ప్రస్తుతానికి ఆందోళన పడాల్సిందేదీ కనబడలేదట.
కనబడలేదు.
నేను నవ్వాను. ఎందుకో సువర్చలకి అర్థం కాలేదు.
హమ్మయ్య అని, ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించి
సగం నూనెతో గుత్తివంకాయ చేసింది.
రుచిగా లేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

రాత్రి రాయగడలో అక్కకి ఫోన్ చేశాను.
అక్కడ అప్పుడే తెల్లవారుతోంది.
జెల్ సంగతీ, యంత్రం సంగతీ,
కొంచెం గొప్పలు కలిపే చెప్పాను.
అటువైపు గిన్నెల చప్పుడు ఆగింది.

"నాకూ వస్తోందిరా.
మూడేళ్ళయింది. దవడ దాకా పాకుతుంది.
వాము నీళ్ళు తాగుతున్నాను."

బావకి చెప్పావా అన్నాను.
"చెప్తే ఏటంటారు, గ్యాసే అంటారు.
నాయనమ్మకీ ఉత్త ఆయాసమే అన్నారు కదా."

నా ఫారంలో నాయనమ్మ లేదు.
అక్క లేదు.
వరసగా అందరూ మగాళ్ళే,
నా సొంత దస్తూరీలో.

ఈవేళే, ఇప్పుడే ఆసుపత్రికెళ్ళు అన్నాను.
"ఉండు, పాలవాడొచ్చాడు" అని
ఫోను గట్టు మీద పెట్టింది.

చెవికి గట్టిగా అదిమి
ఊపిరి బిగబట్టి వింటున్నాను.
కొళాయి నీళ్ళు. ఒక కాకి. ఎక్కడో కుక్కరు ఈల.
వెళ్ళిన చెప్పుల చప్పుడు
ఇంకా తిరిగి రాలేదు.