చప్పుడు

"ఏమున్నదే ఆ ఉనికిచెర్ల దిక్కు?"
మా చిన్నమ్మ ఇప్పటికీ అడుగుతది.
ఏమీ లేదు చిన్నమ్మా.
సున్నం పూసిన హద్దురాళ్లు,
ఒకటి వెలిగితే రెండు వెలగని కరెంటు స్తంభాలు,
రోజు విడిచి రోజు వచ్చే నల్ల,
ఆటో కావాల్నంటే మెయిన్ రోడ్డు దాకా నడక.

మట్టెవాడల మేమున్న పోర్షన్
అన్నిటికీ దగ్గర.
పది అడుగుల్లో పాలు,
ఇరవై అడుగుల్లో మందుల దుకాణం,
ఇగ మా అడుగుల కిందనే
ఓనరమ్మ నిద్ర.

మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా
ఆమె నిద్ర మా ఇంట్ల నాలుగో మనిషి.
కొంచెం కదిలితే చాలు,
చీపురుకట్ట తిరగేసి
కిందికెళ్లి స్లాబుకు మూడు దెబ్బలు.

మా లహరిక పదినెలలకు నడక నేర్చింది,
ఏడాదికల్లా ఆ నడకను దాచుడు నేర్చింది.
మడమ ఆనకుండ, మునివేళ్ల మీద,
పాలగిన్నె దిక్కు పోయే పిల్లి లెక్క.
కుర్చీ కాళ్లకు పాత సాక్సులు తొడిగినం,
బంతిని బొంత మీద దొర్లిచ్చినం,
కుక్కర్ కూత పెట్టకముందే ఉరికి పొయ్యి బంద్ చేసిన.
"మీ పాప ఎంత బుద్ధిమంతురాలమ్మా"
వచ్చినోళ్లు అంటాంటే
నాకూ గర్వంగనే ఉండేది.
దాచుడెందుకు.

చిట్టీ పైసలు, ఆయన పీఎఫ్ లోను, నా నానుతాడు
కలిసి నూట ఇరవై గజాల మీద
రెండు గదులై నిలబడ్డయి.
సామాను దింపిన నాడు
ఎదురింటి ఓదెలన్న, రాత్రి డ్యూటీ దిగి
ఖాకీ చొక్కా ఇంకా ఒంటిమీదనే ఉన్నది,
పిలవకముందే బీరువాకు భుజం పెట్టిండు.
పక్కింటి సలీమక్క
బోరు పైపును గోడ మీదికెళ్లి మా డ్రమ్ములకు తిప్పి,
"నిండినంక చెప్పు" అని
పేరు కూడా అడగకుండ లోపలికి పోయింది.

అరవై నాలుగో నంబరు ప్లాటు
ఈ పోరగాండ్ల స్టేడియం.
కొని మరిచిపోయినోళ్లు ఎవరో, వాళ్లు చల్లగుండాలె.
హద్దురాయే వికెట్టు,
గునుగు మొలిచినకాడికి బౌండరీ.
అవుటా కాదా తేలేసరికి పొద్దుగూకుతది,
ఏ ఇంటి ముంగట ఆకలైతే
ఆ ఇంటి అన్నం.

మా పిల్ల మాత్రం కొత్తింట్ల గూడ మునివేళ్ల మీదనే.
"కింద ఎవ్వరు లేరు బిడ్డా, కింద భూమే" అంటే
కొంచెంసేపు ఆలోచించి
"భూమి ఎప్పుడు పండుకుంటది?" అన్నది.
నేనేం చెప్పాలె.

ఒక ఆదివారం, వాన వెలిసినంక
సలీమక్క నడిపోడు గేటు కాడికెళ్లి "రావే" అని అరిస్తే
నాలుగు మెట్లు ఒక్కసారే దుంకింది,
రెండు మడమలు భూమికి తగిలేటట్టు.
దబ్బుమన్నది.
గూట్ల గ్లాసులు గలగలమన్నయి.
నా వేలు దానంతటదే పెదవి మీదికి పోయింది.
అట్లనే నిలబడ్డ,
కిందికెళ్లి మూడు దెబ్బలు వస్తయేమోనని.

రాలె.
ఓదెలన్న వాళ్లమ్మ అరుగు మీదికెళ్లి
"ఎవలే ఆ దుంకింది? నేను చూడలే,
మల్లొక్కసారి దుంకు" అన్నది.

ఇదీ ఉన్నది చిన్నమ్మా ఇక్కడ.

కాని నిన్న అరవై నాలుగు కాడ కారొకటి ఆగింది.
ఇద్దరు దిగి టేపు పట్టి కొలుచుకున్నరు.
మా పోరగాండ్లు బ్యాటు పట్టుకొని, గోడెక్కి,
నోరు మెదపకుండ చూస్తాన్నరు.
వెనుక సీట్లకెళ్లి ఒక పిలగాడు దిగిండు,
ఆరేండ్లుంటయేమో,
అంత ఖాళీ జాగల
మడమలు లేపి, మెల్లగ, మునివేళ్ల మీద...

లహరిక నా కొంగు గుంజి
చెవిల చెప్పింది:
"వాళ్లది గూడ పై పోర్షనే కావచ్చమ్మా."