మూడో మడత

గెర్లిట్స్‌లో ఎవరిదో ఇల్లు ఖాళీ చేస్తున్న రోజు
నేలమాళిగలో బొగ్గుల పక్కనుంచి దాన్ని పైకి మోసుకొచ్చాను.
ఇరవై యూరోలు, పైన రెండు రాత్రుల నడుంనొప్పి.
మహోగని పెట్టె. ఇత్తడి మూలలకు చిలుం.
లెన్సు మీద ఎప్పటిదో, ఎవరిదో ఒక వేలిముద్ర.
ఈ ఊళ్లోనే పుట్టిందట,
నాకంటే నలభై ఆరేళ్లు పెద్దది.

వారం పాటు ముట్టుకోలేదు.
వంటగది బల్ల మీద పెట్టుకుని
కాఫీ తాగుతూ చూశాను.

రైలుపెట్టెల కర్మాగారంలో ముప్ఫై ఒక్క ఏళ్లు
పెట్టెకూ పెట్టెకూ మధ్య రబ్బరు తిత్తి బిగించినదాన్ని.
మలుపులో అది ఒక పక్క సాగి
ఒక పక్క ఎలా నలుగుతుందో నా మోచేతులకు తెలుసు.
ఈ తోలు తిత్తిలో మనుషులు నడవరు,
వెలుతురు నడుస్తుంది. అంతే తేడా.

దీపాలార్పి, లోపల బల్బు పెట్టి చూస్తే
మడతల అంచుల్లో నూటపదిహేడు చిల్లులు.
లెక్కపెట్టకుండా ఉండలేకపోయాను.
మసీ జిగురూ కలిపి పుల్లతో ఒక్కో చుక్కా పెట్టుకుంటూ వెళ్తే
అరవయ్యోదాని దగ్గర
వేలు తగిలి పక్కన ఇంకోటి పుట్టింది.
సరే, విప్పేద్దాం.

తోలుకూ నల్లగుడ్డకూ మధ్య అట్ట పట్టీలు.
మూడోదాని మీద పెన్సిలు రాత:
"ఈ మడత బిర్రు. ఒటీలియా మళ్లీ చెయ్యాలి."
ఒటీలియా చెయ్యలేదు.
ఆ పూట జీతాల రోజేమో, జ్వరమేమో,
మేస్త్రీ అటు తిరిగాడేమో.
వందేళ్లుగా ఆ ఒక్క మడత
మిగతావాటికంటే వెంట్రుకవాసి ఆలస్యంగా తెరుచుకుంటూనే ఉంది.

వంతెన దాటితే పోలండు.
అక్కడ చేతితొడుగులు కుట్టే బొగుమీవ్‌కు
నా భాషలో అంకెలే వచ్చు,
నాకు అతని భాషలో కృతజ్ఞత ఒక్కటే వచ్చు.
తోలు ఎంత పల్చన కావాలో వేళ్లు రుద్ది చెప్పుకున్నాం.
మేకపిల్ల తోలు మోకాలి మీద పరిచి గీకి గీకి
ఉల్లిపొర చేసి ఇచ్చాడు.
డబ్బు వద్దని, తన మొహం చూపించుకున్నాడు.

అసలు గొడవ వెనకభాగంతో.
దీనికి సరిపడే గాజుపలకలు ఇప్పుడెక్కడా దొరకవు,
ఫిల్ము కొలత వేరు.
కింది అంతస్తు క్రామర్ గారు మెట్ల మీద ఆపి
"రంపం పెట్టారంటే దాని విలువ సగం" అన్నారు.
సగం విలువ అంటే పది యూరోలు.
అయినా మూడు రోజులు ఉలి నా చేతికి రాలేదు.

పాత బెర్తు పలకతో విడిగా చట్రం చేశాను,
కొక్కేలకు తగిలించి తీసేసేలా.
చివర్లో అగ్గిపుల్ల మందం అడ్డొచ్చింది.
ఊపిరి బిగబట్టి, కింది అంచుకు ఒక్కసారి
చిత్రిక పట్టాను.
పైన నల్లబడ్డ చెక్క
లోపల ఎర్రగా, ఇవాళ కోసినట్టు ఉంది.
ఆ పొట్టును దాచుకుందామనుకునేలోగా
కిటికీలోంచి గాలి పట్టుకుపోయింది.

కొత్త అట్టలన్నీ కోశాను, మూడోది తప్ప.
దాన్ని రాతతో సహా లోపల పెట్టి అంటించాను.
మళ్లీ బిర్రే.
ఒటీలియా, నేనూ చెయ్యలేదు.
తర్వాత విప్పేవాళ్లు చూసుకుంటారు.

మార్చిలో వంతెన మీద బొగుమీవ్‌ను నిలబెట్టాను.
నల్లగుడ్డ కింద గరుకుటద్దంలో
నది ఆకాశమైంది.
తలకిందులుగా వేలాడుతూ తొడుగులు సర్దుకుంటున్నాడు.
అతని ఒడ్డు నా ఒడ్డు వైపుంది, నాది అతని వైపు.
షట్టరు లేదు. మూత తీసి
అతనికి వచ్చిన అంకెలే పైకి లెక్కపెట్టాను.
మూడు దగ్గర తుమ్మాడు.

మొహం పొగమంచు.
చేతులు మాత్రం, కుట్టు కుట్టూ లెక్కపెట్టేంత స్పష్టం.
నేను తల దించుకున్నాను.
అతను ఫొటోను వెలుగుకెత్తి పట్టుకుని
చేతుల్ని చూపించి, ఒకటి కాదు,
అయిదు వేళ్లూ చాపాడు,
ఇలాంటివి అయిదు, దుకాణం గోడకు.
తోలు ఇంకా ఉందా అని
వేళ్లు రుద్ది అడిగాను.